టెన్షన్ అనే మాట కింద ఏముందో వెతుక్కోవడం ఎలా?

"టెన్షన్‌గా ఉంది" అని రోజుకు ఎన్నిసార్లు అంటున్నారో ఒకసారి లెక్కపెట్టి చూడండి. పిల్లాడి ఇంటర్ ఫలితాలంటే టెన్షన్, ఆఫీసులో మీటింగ్ అంటే టెన్షన్, ఊరి నుంచి వేళ కాని వేళ ఫోన్ వస్తే టెన్షన్, చుట్టాలు వస్తున్నారంటే టెన్షన్. ఇన్ని రకాల కష్టాలకూ ఒకటే మాట వాడుతున్నాం.

నేనూ అంతే. మా నాన్న చనిపోయిన ఏడాది, రాత్రి రెండింటికి మెలకువ వచ్చేసేది. గుండె దడదడలాడేది, అరచేతులు చెమట పట్టేవి, తెల్లారేదాకా నిద్ర పట్టేది కాదు. ఈసీజీ తీయించుకున్నాను, బాగుంది. థైరాయిడ్ పరీక్ష చేయించుకున్నాను, అదీ బాగుంది. "అన్నీ నార్మలే, టెన్షన్ పెట్టుకోకండి" అన్నారు. దేని గురించి టెన్షన్ పడుతున్నానో నాకే తెలియనప్పుడు ఎలా మానుకోవాలి?

తెలియడానికి ఏడు నెలలు పట్టింది. అది అసలు భయమే కాదు, కోపం. నాన్న కర్మకాండలు ఇంకా పూర్తి కాకముందే, పదకొండో రోజు సాయంత్రం, అన్నయ్య ఇల్లు అమ్మే మాట ఎత్తాడు. పెద్దవాడు కదా అని నేను నోరు మెదపలేదు. పగలంతా మర్యాదగా మూసిపెట్టిన ఆ కోపం రాత్రి రెండింటికి గుండెదడగా లేచి కూర్చునేది. ఈ వెతుకులాటలో నాకు పనికొచ్చినవి, తర్వాత చదివి, డాక్టర్లను అడిగి తెలుసుకున్నవి వరసగా చెబుతాను. ఒక నోటుపుస్తకం దగ్గర పెట్టుకోండి.

ముందు ఒంటిని చూపించుకోండి

మనసు గురించి ఆలోచించే ముందు ఈ పని అయిపోవాలి. థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తే గుండెదడ, చేతుల వణుకు, చెమటలు వస్తాయి. అచ్చం ఆందోళన లాగే ఉంటుంది. రక్తం తక్కువగా ఉన్నా దడ, ఆయాసం వస్తాయి. షుగరు మాత్రలో ఇన్సులినో వాడేవాళ్ళకు షుగరు పడిపోతే వణుకు, చెమట, కంగారు ఒక్కసారిగా మొదలవుతాయి. ఉబ్బసానికి పీల్చే కొన్ని మందులతో కూడా గుండె వేగం పెరుగుతుంది. రోజుకు ఎన్ని కాఫీలు, ఎన్ని టీలు తాగుతున్నారో కూడా డాక్టరుకు దాచకుండా చెప్పండి.

ఛాతీలో నొక్కేసినట్టు నొప్పి, అది ఎడమ చేతికో దవడకో పాకడం, చల్లటి చెమటలు, ఊపిరి అందకపోవడం. ఇలాంటివి వస్తే ఇది చదువుతూ కూర్చోవద్దు, వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి. ముఖ్యంగా ఆడవాళ్ళు నొప్పి అంటే "టెన్షన్ వల్లేలే" అని ఇంట్లోవాళ్ళు తేల్చేస్తారు. ఆ మాట అనాల్సింది ఇంట్లోవాళ్ళు కాదు, పరీక్ష చేసిన డాక్టరు.

దడ తగ్గాకే వెతుకులాట

గుండె కొట్టుకుపోతున్నప్పుడు "నా లోపల ఏముంది?" అని అడిగితే జవాబు రాదు. కారణం మన ఒంట్లోనే ఉంది. మెదడు లోపల రెండు వైపులా బాదం గింజంత భాగాలు ఉంటాయి, వాటిని అమిగ్డలా అంటారు. ప్రమాదం పసిగట్టి గంట కొట్టే పని ప్రధానంగా వాటిది. గంట మోగగానే మూత్రపిండాల మీదుండే గ్రంథులు అడ్రినలిన్‌ను వదులుతాయి. పారిపోవడానికో పోరాడడానికో కండరాలకు రక్తం కావాలి కాబట్టి గుండె వేగం పెంచుతుంది, జీర్ణం పని మందగిస్తుంది. కడుపులో తిప్పినట్టు ఉండేది, నోరు ఎండిపోయేది అందుకే. ఎదురుగా పాము ఉంటే ఇదంతా మంచిదే. ఎదురుగా ఉన్నది ఒక వాట్సాప్ మెసేజ్ అయినా ఒళ్ళు చేసేది ఇదే పని.

కాబట్టి కూర్చోండి. రెండు పాదాలూ నేల మీద ఆనించండి. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి తీసుకుని, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి. తీసుకునేదాని కంటే వదిలేది పొడవుగా ఉండాలి, అదే ఇందులో కీలకం. ఊపిరి వదిలేటప్పుడు గుండె కొంచెం నెమ్మదిస్తుంది. ఐదు నిమిషాలు చేయండి. గట్టిగా, లోతుగా పీల్చాలని ప్రయత్నించకండి. అలా చేస్తే తల తిరిగి, వేళ్ళు తిమ్మిరెక్కి భయం ఇంకా పెరుగుతుంది.

ఊపిరి లెక్క పెట్టడమే చిరాకు అనిపించేవాళ్ళు కొందరు ఉంటారు. వాళ్ళు లేచి చన్నీళ్ళతో మొహం కడుక్కుని పది నిమిషాలు నడిస్తే చాలు.

వెనక్కి నడవండి

దడ కాస్త తగ్గాక నోటుపుస్తకం తీయండి. "నాకు ఎందుకిలా అవుతోంది?" అని రాసుకోకండి. ఆ ప్రశ్న మిమ్మల్ని గంటల తరబడి గుండ్రంగా తిప్పుతుంది. దాని బదులు "ఎప్పుడు మొదలైంది?" అని రాయండి.

పొద్దున బాగానే ఉన్నారా? టిఫిన్ అప్పుడు? పదింటికి? అలా వెనక్కి వెళ్తుంటే ఒక చోట ఆగుతారు. ఎవరో అన్న ఒక మాట, ఫోన్‌లో చూసిన ఒక ఫోటో, మీరు అందామనుకుని అనకుండా మింగేసిన ఒక మాట. చాలాసార్లు అది చాలా చిన్న విషయంలా కనిపిస్తుంది. "ఇంత చిన్నదానికా?" అని కొట్టేయకండి. రాయండి. ఏం జరిగింది, ఎవరున్నారు, ఒంట్లో ఎక్కడ తెలిసింది. ఈ మూడూ ఒక్కో వాక్యం చాలు.

వారం రోజులు ఇలా రాస్తే ఒకే మనిషి పేరో, ఒకే వేళో మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. నా పుస్తకంలో మొదటి వారంలో నాలుగు చోట్ల "అన్నయ్య ఫోన్" అని ఉంది. రాసేటప్పుడు నాకు తట్టలేదు. తర్వాత చదువుకుంటే కళ్ళకు కట్టినట్టు కనిపించింది.

టెన్షన్ కొట్టేసి అసలు పేరు రాయండి

అన్నిటికంటే ఎక్కువ సమయం ఇవ్వాల్సింది ఈ పనికే. రాసినదాంట్లో "టెన్షన్" అని ఉన్నచోటల్లా ఆ మాటను కొట్టేయండి. దాని బదులు తెలుగులో ఏ మాట సరిపోతుందో వెతకండి. మన భాషలో మనసు బాధలకు ఎన్ని పేర్లున్నాయో, ఒక్కోదానికి ఎంత తేడా ఉందో అప్పుడు తెలుస్తుంది.

గుబులు అంటే ఏదో జరగబోతోందన్న భయం, ఏమిటో తెలియదు. బెంగ అలా కాదు, బెంగ మనుషుల మీద ఉంటుంది. హాస్టల్లో చేర్పించిన పిల్లాడు అమ్మ మీద పెట్టుకునేది బెంగ. దిగులు బరువుగా ఉంటుంది, పోయినదాని చుట్టూ తిరుగుతుంది. ఉక్రోషం అంటే ఎదురు చెప్పలేని కోపం, కళ్ళలో నీళ్ళుగా వచ్చేది. అలకలో కోపం ఉన్నా, వచ్చి బతిమాలితే బాగుండన్న ఆశ కూడా ఉంటుంది. నలుగురిలో తల ఎత్తుకోలేకపోవడం నామోషీ. తప్పు చేశానన్న బాధ వేరు, నేనే పనికిరానివాడినన్న సిగ్గు వేరు. మొదటిది చేసిన పని గురించి, రెండోది మనిషి గురించి.

ఒక్కో మాటా మెల్లగా పైకే అని చూడండి. "నాకు బెంగగా ఉంది." "నాకు ఉక్రోషంగా ఉంది." సరైన మాట తగిలినప్పుడు ఒళ్ళు చెబుతుంది. భుజాలు జారతాయి, కళ్ళు చెమ్మగిల్లుతాయి, లేదా ఒక పెద్ద నిట్టూర్పు వస్తుంది. కొందరికి కోపం దవడలోనూ చేతుల్లోనూ, దుఃఖం గొంతులో అడ్డంగా, సిగ్గు మొహంలో వేడిగా తెలుస్తుంది. అందరికీ అలాగే ఉండాలనేం లేదు, మీ ఒంటి గుర్తులు మీరే తెలుసుకోవాలి.

పేరు పెడితే ఏమవుతుంది అని నాకూ అనుమానం ఉండేది. 2007లో అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు మనుషులకు కోపం, భయం నిండిన ముఖాల ఫోటోలు చూపిస్తూ మెదడును స్కాన్ చేశారు. ఆ ముఖంలో ఉన్న భావానికి పేరు ఎంచుకున్నప్పుడు అమిగ్డలా స్పందన తగ్గింది. గంట కొట్టేవాడికి "విన్నాను, సంగతి ఇదీ" అని జవాబు చెప్పినట్టు అన్నమాట.

అసలు కోపం వచ్చి కోపంలా కాకుండా భయంలా ఎందుకు తెలుస్తుంది? చిన్నప్పుడు కోప్పడితే దెబ్బలు పడ్డాయనుకోండి, లేదా అమ్మ రెండు రోజులు మాట్లాడలేదనుకోండి. కోపం వస్తే ప్రమాదం అని ఆ పిల్ల మెదడు నేర్చుకుంటుంది. పెద్దయ్యాక లోపల కోపం కదలగానే, అది పైకి తెలిసేలోపే ప్రమాద గంట మోగుతుంది. మనకు గంట మాత్రమే వినిపిస్తుంది. ఏడవకూడదని నేర్పిన మగపిల్లాడికి దుఃఖం విషయంలోనూ ఇదే జరుగుతుంది. ఆందోళన అనేది లోపలి ప్రమాదానికి ఒక సంకేతం అని మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ 1926లోనే రాశాడు. ఆయన చెప్పినవన్నీ ఇవాళ ఎవరూ ఒప్పుకోరు గానీ, ఈ ఒక్క మాటను నా అనుభవంతో నేను నమ్ముతున్నాను.

కోపం మంచిది కాదని పద్యాలతో సహా నేర్చుకుని పెరిగినవాళ్ళం మనం. కోపాన్ని అదుపులో పెట్టుకోవడం నేర్పారు సరే, గుర్తుపట్టడం ఎవరూ నేర్పలేదు. ముఖ్యంగా ఆడపిల్లలకు.

పేరు దొరికాక ఏం చేయాలి?

ఒక్కో భావం ఒక్కోటి అడుగుతుంది. అన్నిటికీ "ధ్యానం చేసుకో, పాజిటివ్‌గా ఉండు" అంటే సరిపోదు.

కోపమైతే, ఎవరో ఒక గీత దాటారని అర్థం. ఆ గీత ఏమిటో ముందు రాసుకోండి. తిట్టడం అవసరం లేదు, చెప్పడం అవసరం. "నువ్వెప్పుడూ ఇంతే" అని మొదలుపెడితే పోట్లాట అవుతుంది. నేను అన్నయ్యతో అన్నది ఇంతే: "ఆ రోజు నన్నూ అమ్మనూ అడగకుండా ఇంటి సంగతి మాట్లాడావు అన్నయ్యా. నాకు చాలా కష్టం అనిపించింది." ఈ రెండు వాక్యాలను కాగితం మీద పదిసార్లు మార్చి రాసుకున్నాను. చాలాసేపు మాట్లాడలేదు వాడు. తర్వాత, నాన్న చేసిన అప్పులు తన మెడకు చుట్టుకుంటాయని భయపడి తొందరపడ్డానన్నాడు. నా భయం కింద కోపం ఉంటే, వాడి జోరు కింద భయం ఉంది. ఇల్లు అయితే ఆగలేదు, అమ్మేశాం. కానీ రెండింటి మెలకువ ఆ తర్వాత వారంలో ఒకటి రెండు రాత్రులకు తగ్గింది.

చెప్పే వీలు లేని చోట్లు ఉంటాయి. ఉద్యోగం పోతుంది, దెబ్బలు తినాల్సి వస్తుంది. అలాంటి ఇంట్లో ఉన్నవాళ్ళు ఎదురెళ్ళి చెప్పాలని నేను అనను. అక్కడ కావాల్సింది తోడు, ఒక సురక్షితమైన చోటు. 181 మహిళా హెల్ప్‌లైన్ ఉంది. ఆ భయానికి కారణం నిజంగానే ఎదురుగా ఉంది, దాన్ని మనసులోని లోపంగా చూడకండి.

దిగులైతే దానికి కావాల్సింది ఏడుపు, తలుచుకోవడం. పోయినవాళ్ళ గురించి మాట్లాడితే బాధ పెరుగుతుందని ఇంట్లో అందరూ ఆ పేరే ఎత్తరు. ఎత్తండి. ఫోటోలు తీయండి, వాళ్ళకు ఇష్టమైన కూర వండండి.

సిగ్గు, నామోషీ మాత్రం చీకట్లో పెరుగుతాయి. ఒక్క మనిషికి చెబితే సగం విరిగిపోతాయి. ఆ మనిషిని జాగ్రత్తగా ఎంచుకోండి, మీ సంగతి విని ఇంకొకరికి మోయనివాళ్ళు కావాలి. ఇంటర్ తప్పిన పిల్లల భయం చాలాసార్లు మార్కుల గురించి కాదు, పక్కింటివాళ్ళ ముందు అమ్మానాన్నల మొహం ఎలా ఉంటుందోనని. ఫలితాలు రాకముందే "ఏం వచ్చినా ముందు నాకే చెప్పు, ఇద్దరం కలిసి చూద్దాం" అని పిల్లలతో ఒక్కసారి అనండి. ఫలితాలు వచ్చాక అందామని ఆగకండి.

తప్పు చేసిన బాధైతే క్షమాపణ అడగాలి, లేదా సరిదిద్దాలి. చేయగలిగింది చేశాక కూడా వదలకపోతే అది సిగ్గు అయి ఉండొచ్చు, మళ్ళీ పేరు చూడండి.

నిజమైన భయమైతే దానికి సమాచారం, ప్లాన్ కావాలి. అమెరికాలో హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళకు ఉద్యోగం పోతే మామూలుగా 60 రోజుల గడువు ఉంటుంది. అలాంటివాడికి "ఏం కాదులే" అనడం అన్యాయం. లాయరుతో మాట్లాడటం, చేతిలో ఎన్ని నెలల డబ్బుందో లెక్క వేయడం, తిరిగి వస్తే ఏం చేయాలో రాసుకోవడం, ఇవే అతనికి మందు. అయితే అదే మనిషికి ఉద్యోగం బాగున్న రోజుల్లో కూడా తెల్లవారుజామున ఇండియా నంబరు కనిపించగానే గుండె ఆగినంత పనవుతుంది. అది వీసా భయం కాదు, అమ్మానాన్నల మీద బెంగ. దానికి లాయరు పనికిరాడు. నాన్నకు రోజూ ఒక వేళ పెట్టుకుని ఫోన్ చేయడం, ఊళ్ళో అవసరానికి వెళ్ళి చూసే మనిషిని ఏర్పాటు చేసుకోవడం, సెలవు దాచుకోకుండా వెళ్ళి రావడం పనికొస్తాయి. ఒకే దడ, రెండు వేరు వేరు పేర్లు, రెండు వేరు వేరు పనులు.

కింద ఏమీ దొరకకపోతే

నిజాయితీగా చెప్పాలి, ప్రతి ఆందోళన కిందా దాగిన కథ ఉండదు. కొందరికి లిఫ్ట్ అంటేనో కుక్క అంటేనో సూటి భయం. కొందరికి ఒకసారి వచ్చిన దడే మళ్ళీ వస్తుందేమోనని భయం, ఆ భయంతోనే మళ్ళీ దడ. వీటికి గతం తవ్వడం కంటే, భయపడే పనిని నిపుణుల సాయంతో కొద్దికొద్దిగా, పదేపదే చేయడం బాగా పనిచేస్తుంది. తప్పించుకున్న ప్రతిసారీ ఆ క్షణానికి హాయిగా ఉంటుంది, భయం మాత్రం ముదురుతుంది.

ఇంకొందరికి చింత ఒక అలవాటు. చిత, చింత అనే మాటలకు సున్న ఒక్కటే తేడా అని పెద్దలు ఊరికే అనలేదు. చింతను మానెయ్యమంటే మానదు కాబట్టి దానికి ఒక వేళ కేటాయించండి. సాయంత్రం ఐదున్నర నుంచి ఆరు దాకా అనుకోండి, మంచం మీద కాకుండా ఒక కుర్చీలో. పగలు ఏ చింత వచ్చినా ఒక మాటగా రాసి "ఐదున్నరకు చూద్దాం" అని వాయిదా వేయండి. ఆ వేళకు కూర్చుని చదివితే సగం వాటికి అప్పటికే పస ఉండదు. రెండు మూడు వారాలు వదలకుండా చేస్తేనే ఫలితం తెలుస్తుంది.

డాక్టరు దగ్గరకు ఎప్పుడు?

నిద్ర, తిండి, పని ఈ మూడింటిలో ఏది దెబ్బతింటున్నా వెళ్ళండి. జీఏడీ-7 అని ఏడు ప్రశ్నల చిన్న పరీక్ష ఉంది. గత రెండు వారాల్లో కంగారు, అదుపు కాని ఆలోచనలు, చిరాకు లాంటివి ఎన్ని రోజులు ఉన్నాయో బట్టి ఒక్కో ప్రశ్నకు సున్న నుంచి మూడు దాకా మార్కులు వేస్తారు. మొత్తం 21. పది, అంతకు మించి వస్తే డాక్టరుతో మాట్లాడటం మంచిది. ఆ అంకె జబ్బును తేల్చదు, తలుపు తట్టాలో లేదో మాత్రం చెబుతుంది.

2019లో ప్రపంచంలో దాదాపు 30 కోట్ల మంది ఆందోళన రుగ్మతలతో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అయినా హైదరాబాద్‌లో ఎర్రగడ్డ అన్న పేరును ఇప్పటికీ తిట్టులా వాడుతున్నాం. అక్కడున్నది ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఆస్పత్రి. విశాఖపట్నంలోనూ అలాంటిది ఉంది. వేళాకోళం చేసే ఆ మాట వినీ వినీ ఎంతమంది లోపలికి వెళ్ళకుండా గేటు దగ్గరే ఆగిపోయారో అనిపిస్తుంది నాకు. అంతదూరం వెళ్ళలేకపోతే టెలీ మానస్‌కు, 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ ప్రభుత్వ సేవ ఉచితం, రోజంతా ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంటే ఇంకేదీ ఆలోచించకుండా ఇప్పుడే ఆ నంబరుకు చేయండి, పక్కన ఒక మనిషిని ఉంచుకోండి.

మందుల గురించి ఒక జాగ్రత్త. తెలిసిన మెడికల్ షాపులో అడిగి ఆల్‌ప్రాజోలం లాంటి మాత్రలు తెచ్చుకోకండి. వెంటనే హాయిగా ఉంటుంది, అందుకే అలవాటు పడిపోతారు. అప్పటికే వాడుతుంటే ఉన్నట్టుండి ఆపడం కూడా ప్రమాదమే, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. సైకియాట్రిస్టులు ఎక్కువగా ముందు రాసే వేరే రకం మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, మొదటి వారానికే పనిచేయట్లేదని మానేయకండి. మందులు వాడటం ఓటమి కాదు. దడ తగ్గితేనే కొందరికి వెతుక్కునే ఓపిక వస్తుంది.

ఇంట్లో ఇంకొకరికి ఉంటే

పెద్దవాళ్ళు టెన్షన్ అని కూడా అనరు. ఒళ్ళు మంటలంటారు, కాళ్ళు లాగుతున్నాయంటారు, అన్నం సయించట్లేదంటారు. పరీక్షలు చేయించండి, అవి అయ్యాక మాత్రం "ఏం లేదట, ధైర్యంగా ఉండు" అని ముగించేయకండి. ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలు వేస్తే చెప్పరు. చేతికి ఏదో పని ఉన్నప్పుడు, మొహాలు చూసుకోనక్కర లేనప్పుడు చెబుతారు.

ఇల్లు అమ్మాక మా అమ్మ అన్నయ్య దగ్గరకు వచ్చేసింది. ఆరు నెలలు గుండెల్లో బరువు అంటూనే ఉంది. రిపోర్టులన్నీ బాగానే ఉన్నాయి. ఒక సాయంత్రం ఇద్దరం చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాం. నేనేమీ అడగలేదు. "ఆ వేపచెట్టు కొట్టేశారట కదే" అంది. కొట్టేశారన్నాను. ఇంకాసేపు ఈనెలు తీసి, "చెట్టు కింద మీ నాన్న వేసుకునే పడక్కుర్చీ ఎవరు పట్టుకెళ్ళారు?" అంది. ఎవరూ పట్టుకెళ్ళలేదు, అన్నయ్యా వాళ్ళ మేడ మీద పాత సామాన్ల కింద ఉంది. చిరిగిన గుడ్డ మార్పించి మర్నాడు కిందకు తెచ్చాం. వరండాలో ఎండ పడే చోట వేయించుకుంది.